సందేహాలు – సమాధానాలు: హాస్టల్లో టీకాలు, ఇసుకలో జెముడు గింజలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో రెండు విషయాలు ఎక్కువగా కనిపించాయి. కాలేజీ వయసులో ఏ టీకాలు వేయించుకోవాలని కొందరు అడిగారు. జెముడు (కాక్టస్) గింజలు ఎంతకీ మొలవడం లేదని ఇంకొందరు రాశారు. మొదటివాటికి ప్రజారోగ్య వైద్యులు, రెండోవాటికి వృక్షశాస్త్ర అధ్యాపకులు జవాబులు ఇచ్చారు.

ప్రశ్న: నాకు 20 ఏళ్ళు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేయించుకోమని కాలేజీలో చెప్పారు. "ఆ సూదికే మన జిల్లాలో ఆడపిల్లలు చచ్చిపోయారు" అని అమ్మమ్మ భయపడుతోంది. వేయించుకోవచ్చా? ఎన్ని డోసులు? అబ్బాయిలకూ కావాలా?
– డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం జిల్లా

అమ్మమ్మగారి భయానికి ఒక కారణం ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. 2009లో మీ ఖమ్మం జిల్లాలోనూ, గుజరాత్‌లోని వడోదరలోనూ వేల మంది ఆడపిల్లలకు ఈ టీకాను ఒక ప్రయోగాత్మక కార్యక్రమం కింద వేశారు. కొందరు పిల్లలు చనిపోయారన్న ఆందోళనతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. తర్వాత విచారణ జరిగింది. నీట మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా లాంటి వేరే కారణాలు బయటపడ్డాయి. టీకాకూ ఆ మరణాలకూ సంబంధం కనబడలేదు. అయితే తప్పులు జరిగిన మాట నిజం. తల్లిదండ్రులు చేయాల్సిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు చేశారు. టీకా వేశాక పిల్లలకు ఏమైనా అయితే నమోదు చేసే ఏర్పాటు బలహీనంగా ఉంది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. అమ్మమ్మగారికి రెండు సంగతులూ చెప్పండి. సగం చెప్పి సగం దాస్తే ఆవిడ నమ్మరు, నమ్మకపోవడం న్యాయం కూడా.

ఇక టీకా సంగతి. ఇందులో హెచ్‌పీవీ, అంటే ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్, ఉండదు. వైరస్ పైతొడుగులోని ఒక ప్రొటీన్‌ను మాత్రమే ఖాళీ డొల్లల్లా తయారుచేసి ఇస్తారు. లోపల జన్యుపదార్థం లేదు కాబట్టి దీనివల్ల ఇన్‌ఫెక్షన్ వచ్చే వీలే లేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి హెచ్‌పీవీ 16, 18 రకాలు కారణం. మన దేశంలో తయారై 2023లో మార్కెట్లోకి వచ్చిన సెర్వావాక్ ఈ రెంటితోపాటు 6, 11 రకాలకూ పనిచేస్తుంది. దీన్ని 9 నుంచి 26 ఏళ్ళ వరకు ఆడ, మగ ఇద్దరికీ వేయవచ్చు. 9–14 ఏళ్ళ వాళ్ళకు 6 నెలల తేడాతో 2 డోసులు చాలు. 15 దాటితే మొదటి రోజు, 2వ నెల, 6వ నెల కలిపి 3 డోసులు. 20 ఏళ్ళ వరకు ఉన్న ఆడపిల్లలకు ఒక్క డోసు కూడా పరిగణించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో చెప్పింది. అయినా సొంత ఖర్చుతో వేయించుకునేటప్పుడు టీకా పెట్టెలోని కాగితంలో ఉన్న షెడ్యూలునే పాటించండి.

ఈ టీకా శరీరంలో అప్పటికే ఉన్న వైరస్‌ను పోగొట్టదు, ఇక ముందు సోకబోయేదాన్నే ఆపుతుంది. అందుకే పెళ్ళికి ముందే, వీలైనంత చిన్న వయసులో వేయించుకుంటే ఫలితం ఎక్కువ. పెళ్ళయినవాళ్ళూ వేయించుకోవచ్చు, కాకపోతే ప్రయోజనం కొంత తగ్గుతుంది. గర్భంతో ఉంటే కాన్పు అయ్యేదాకా ఆగాలి. టీకా వేయించుకున్నవాళ్ళు కూడా 30 ఏళ్ళు దాటాక క్యాన్సర్ పరీక్ష చేయించుకోవాల్సిందే, ఎందుకంటే మిగిలిన 30 శాతం వేరే రకాల వల్ల వస్తుంది. రెండో డోసు ఆలస్యమైతే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టనక్కర్లేదు, ఆగినచోటి నుంచి కొనసాగించండి.

ప్రశ్న: నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్నాను. హెపటైటిస్-బి టీకా 2 డోసులు వేయించుకుని, పరీక్షల హడావిడిలో మూడోది మరిచిపోయాను. ఏడాది దాటింది. అంతా వృథాయేనా?
– గుంటూరు

వృథా కాలేదు. ఆ రెండు డోసుల జ్ఞాపకం మీ రోగనిరోధక కణాల్లో అలాగే ఉంటుంది. మూడోది ఈ వారమే వేయించుకోండి. మామూలు షెడ్యూలు 0, 1, 6 నెలలు. మధ్యలో విరామం పెరిగితే నష్టం లేదు గానీ, తొందరపడి విరామం తగ్గిస్తే నష్టం.

రోగుల రక్తం ముట్టుకునే చదువు మీది కాబట్టి ఇంకో పని ఉంది. మూడో డోసు వేయించుకున్న 1–2 నెలలకు యాంటీ హెచ్‌బీఎస్ పరీక్ష (టీకా వల్ల రక్తంలో ఎంత రక్షణ వచ్చిందో చూసేది) చేయించండి. ఫలితం మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు లేదా అంతకు మించి ఉంటే మీకు రక్షణ వచ్చినట్టే. పదేళ్ళ తర్వాత ఆ అంకె తగ్గినా కంగారుపడక్కర్లేదు. ఈ మొదటి పరీక్షలోనే 10 కంటే తక్కువ వస్తే ఇంకో విడత డోసులు వేసి మళ్ళీ పరీక్షిస్తారు. తక్కువ రావడానికి ఒక మామూలు కారణం సూదిని పిరుదుకు వేయడం. అక్కడ కొవ్వులోనే మందు ఉండిపోయి కండరానికి చేరదు. పెద్దవాళ్ళకు ఈ టీకా భుజం కండరానికే వేయాలి. నర్సుకు ఆ మాట చెప్పడానికి మొహమాటపడకండి.

ఒకప్పుడు ఈ టీకా దిగుమతి సరుకు, మధ్యతరగతికి అందేది కాదు. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ షాన్‌వాక్-బి తెచ్చాక ధర బాగా దిగొచ్చింది. మన ఊళ్ళో తయారైన టీకాను మన పిల్లలే మూడో డోసు దగ్గర వదిలేయడం బాధ కలిగిస్తుంది.

ప్రశ్న: ఆగస్టులో అమెరికాలో ఎంఎస్‌లో చేరుతున్నాను. యూనివర్సిటీ ఇమ్యునైజేషన్ ఫారం పంపింది. నా చిన్నప్పటి టీకా కార్డు ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు.
– బీటెక్ చివరి సంవత్సరం, విజయవాడ

ముందు ఫారం పూర్తిగా చదవండి. ఏ యూనివర్సిటీ నియమం దానిదే. ఎక్కువమంది అడిగేది ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా) 2 డోసులు, కనీసం 28 రోజుల తేడాతో. చాలామంది తడబడేది ఇక్కడే: 2017లో మన రెండు రాష్ట్రాల్లో బళ్ళలో వేసినది ఎంఆర్ టీకా. అందులో తట్టు, రుబెల్లా ఉన్నాయి గానీ గవదబిళ్ళలు లేవు. ఆ కాగితం చూపిస్తే గవదబిళ్ళల గడి ఖాళీగానే మిగులుతుంది. కార్డు దొరక్కపోతే రెండు దారులున్నాయి. మూడు జబ్బులకూ ఐజీజీ రక్తపరీక్ష చేయించి రక్షణ ఉందని చూపించడం ఒకటి, నేరుగా 2 డోసులు మళ్ళీ వేయించుకోవడం రెండోది. ఇదివరకు వేసిఉన్నా మళ్ళీ వేయించుకోవడంలో హాని లేదు. పరీక్ష ఖర్చు కంటే టీకా చౌకగా పడితే రెండోదే మేలు.

ఆటలమ్మ సోకనివాళ్ళకు వారిసెల్లా 2 డోసులు, 4 వారాల తేడాతో. హాస్టల్లో ఉండేవాళ్ళను మెనింజైటిస్ టీకా అడుగుతారు. అందులో ఎ, సి, డబ్ల్యూ, వై నాలుగు రకాలూ ఉన్నదాన్ని, 16 ఏళ్ళు నిండాక ఒక డోసు వేయించుకుని ఉండాలి. ధనుర్వాతం గడిలో టీడ్యాప్ అని ఉంటే మన పీహెచ్‌సీలో వేసే టీడీ సరిపోదు, టీడ్యాప్‌లో కోరింత దగ్గు భాగం అదనంగా ఉంటుంది.

క్షయ పరీక్షకు చర్మం మీద చేసే మాంటూ బదులు ఐజీఆర్‌ఏ రక్తపరీక్ష చేయించండి. పుట్టినప్పుడు వేసిన బీసీజీ వల్ల మాంటూ తప్పుగా పాజిటివ్ రావచ్చు, ఐజీఆర్‌ఏకు ఆ తంటా లేదు. ఎంఎంఆర్, వారిసెల్లా రెండూ బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసినవి. ఈ రెండిటినీ ఒకే రోజు చెరో చేతికి వేయించుకోండి, లేదా 4 వారాలు ఆగండి. క్షయ పరీక్ష రక్తం కూడా అదే రోజు ఇవ్వండి, కాదంటే 4 వారాల తర్వాతే. ఈ లెక్కలన్నీ కలిపితే ప్రయాణానికి 3 నెలల ముందు, అంటే మే మొదట్లోనే పని మొదలుపెట్టాలి.

చివరికి ఒక చిన్న జాగ్రత్త. సర్టిఫికెట్ మీద 05/07 అని రాస్తే అక్కడివాళ్ళు మే 7 అని చదువుతారు. నెల పేరు అక్షరాల్లో రాయించండి. టీకా పేరు, బ్యాచ్ నంబరు, డాక్టర్ సంతకం, ముద్ర ఉండాలి.

ప్రశ్న: హాస్టల్ ఆవరణలోని కుక్కపిల్ల చేయి గీరింది. రక్తం రాలేదు, గీత మాత్రం పడింది. అది మేం పెంచుకునేదే. సూదులు అవసరమా?
– వరంగల్

అవసరమే, ఈ రోజే. రక్తం రాని గీతకు కూడా రేబిస్ టీకా వేయించాల్సిందే. రక్తం కనబడిన గాయానికి టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే మందు) కూడా ఎక్కించాలి. ముందు కుళాయి ధార కింద సబ్బుతో పూర్తి 15 నిమిషాలు కడగండి. సున్నం, కారం, పసుపు పెట్టకండి. కట్టు బిగించకండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోపలికి రెండు చేతులకూ 0.1 మిల్లీలీటరు చొప్పున 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. కండరానికి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో 5 సూదులు. ఒక పద్ధతిలో మొదలుపెట్టినదాన్ని అదే పద్ధతిలో ముగించడం మంచిది. "కుక్కను పది రోజులు చూద్దాం" అని ఆగడమే ప్రాణాల మీదికి తెస్తుంది. కుక్కను గమనించండి, కానీ సూది వేయించుకున్నాకే. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషిని బతికించే మందు లేదు.

ప్రశ్న: మా ఎన్ఎస్ఎస్ యూనిట్ టీకా అవగాహన వారోత్సవం చేయాలనుకుంటోంది. ర్యాలీ, వ్యాసరచన కాకుండా ఇంకేం చేయాలి?
– ప్రోగ్రాం ఆఫీసర్, కాకినాడ

కొత్తగా చేరిన పిల్లలందరికీ నాలుగు ప్రశ్నల కాగితం ఒకటి ఇవ్వండి. ధనుర్వాతం సూది చివరిసారి ఎప్పుడు? హెపటైటిస్-బి ఎన్ని డోసులు? గవదబిళ్ళల టీకా వేశారా? టీకా కార్డు ఇంట్లో ఉందా? సగం మంది "తెలియదు" అని రాస్తారు. ఆ "తెలియదు" దగ్గరే అవగాహన మొదలవుతుంది. దసరా సెలవులకు ఊరెళ్ళినప్పుడు కార్డు ఫొటో తీసుకుని రమ్మనండి. ధనుర్వాతం, కంఠసర్పి కలిసిన టీడీ బూస్టర్ ప్రభుత్వ కార్యక్రమంలో 10, 16 ఏళ్ళకు వేస్తారు. 16వ ఏట వేయాల్సింది ఇంటర్ గొడవలో తప్పిపోయినవాళ్ళే ఎక్కువగా తేలతారు. హాస్టల్ మెస్ తిండి తినేవాళ్ళకు టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఒక్క డోసు గురించి చెప్పండి.

క్యాంపు కూడా పెట్టేటట్లయితే 18 నిండనివాళ్ళకు తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి, వార్డెన్ సంతకం చెల్లదు. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. ఐస్‌ప్యాక్‌ను ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా సీసాలకు ఆనించి పెడితే హెపటైటిస్-బి, టీడీ, హెచ్‌పీవీ గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. వేడి కంటే ఈ చలి పొరపాటే ఎక్కువ జరుగుతుంది, పైకి కనబడదు కూడా. ఐస్‌ప్యాక్ లోపల నీళ్ళు కదిలే చప్పుడు వచ్చేదాకా బయట ఉంచాలి. సీసా మీద వేడి తగిలిందో లేదో చెప్పే గుర్తు ఉంటే చూడండి: లోపలి చదరం బయటి వలయం కంటే లేత రంగులో ఉంటేనే వాడాలి.

ఈ వయసు పిల్లలు సూది చూసి కళ్ళు తిరిగి పడిపోతుంటారు. ఒకరిని చూసి ఇంకొకరు పడతారు. ఖాళీ కడుపుతో రానివ్వకండి, కూర్చోబెట్టి వేయండి, వరుసలో నిలబడినవాళ్ళకు కనబడకుండా తెర కట్టండి, తర్వాత అరగంట కూర్చోబెట్టండి. అరుదుగా వచ్చే తీవ్ర అలర్జీకి అడ్రినలిన్, దాన్ని వేయగల వైద్యుడు అక్కడే ఉండాలి. ఇవి కుదరకపోతే క్యాంపు పెట్టకండి, పిల్లల్ని పీహెచ్‌సీకి తీసుకెళ్ళండి.

ప్రశ్న: బీఎస్సీ ప్రాజెక్టు కోసం రోడ్డు పక్క నాగజెముడు పండ్ల గింజలు తీసి రెండంగుళాల లోతున నాటాను. మూడు నెలలైంది, ఒక్కటీ మొలవలేదు.
– అనంతపురం

ముందు మీది నాగజెముడేనా చూసుకోండి. విరిస్తే పాలు ధారగా కారి, ముళ్ళు జతలుగా ఉంటే అది బొమ్మజెముడు జాతి, కాక్టస్ కాదు. నిజమైన కాక్టస్‌కు ముళ్ళన్నీ మెత్తటి నూగున్న చిన్న దిండులాంటి చోటునుంచి పుడతాయి. కాక్టస్ కుటుంబం దాదాపు అంతా అమెరికా ఖండాలదే. మన పొలంగట్ల నాగజెముడు కూడా అక్కడినుంచి వచ్చినదే.

మీరు ఎంచుకున్న గింజ కుటుంబంలోకెల్లా మొండిది. చుట్టూ ఎముకలా గట్టి తొడుగు ఉంటుంది. పిండం నీళ్ళు పీల్చుకున్నా ఆ తొడుగును తోసుకుని రాలేదు. పైగా పండిన వెంటనే చాలా గింజలు మొలకెత్తవు, కొన్ని నెలలు పొడిగా నిలవ ఉంటే మెరుగుపడతాయి. కాబట్టి పండ్లను పట్టకారుతో కోసి, సన్నముళ్ళు పోయేలా మంట మీద తిప్పి, గుజ్జును జల్లెడలో కడిగి, నీడన ఆరబెట్టి, కాగితం పొట్లంలో నిలవ పెట్టండి. విత్తేముందు గింజ అంచును గరుకు కాగితం మీద కొద్దిగా అరగదీసి, ఒక రోజు నీళ్ళలో నానబెట్టండి. లోతు అర సెంటీమీటరు చాలు. అప్పటికీ కొన్ని వారాలు పట్టవచ్చు, అన్నీ ఒకేసారి రావు. ప్రాజెక్టుకు 4 గుంపులు పెట్టండి: ఏమీ చేయనివి, నానబెట్టినవి, అరగదీసినవి, రెండూ చేసినవి. ఒక్కో గుంపుకు 25 గింజల పళ్ళేలు 4 చొప్పున ఉంటేనే లెక్కకు విలువ. ప్రాజెక్టు అయ్యాక మొలకలను బయట పారేయకండి, ఇది పొలాలను ఆక్రమించే మొక్క.

ప్రశ్న: అసలు ఎడారిలో, వానలే లేనిచోట, కాక్టస్ గింజ ఎలా మొలుస్తుంది?
– తిరుపతి

సాగువారో అనే కాక్టస్‌ను చూడండి. అమెరికాలోని అరిజోనా, మెక్సికోలోని సొనోరా ప్రాంతంలో స్తంభంలా పెరిగేది ఇదే. దాని పండ్లు జూన్‌లో పండుతాయి, ఒక్కో పండులో సుమారు 2,000 గింజలు. జూలైలో అక్కడా వానాకాలం మొదలవుతుంది. వానకు కాస్త ముందు గింజ నేల చేరేలా ఆ చెట్టు పంచాంగం కుదిరింది. తడి, సుమారు 25 డిగ్రీల వెచ్చదనం, వెలుతురు మూడూ ఒకేసారి దొరికితేనే గింజ కదులుతుంది. వెలుతురు ఎందుకంటే, గింజ ఆవగింజ పాటిదే. లోపలున్న నిలవ తిండితో అంగుళం మట్టిని చీల్చుకుని పైకి రాలేదు. చీకట్లో ఉన్నానంటే లోతులో ఉన్నానని దానికి తెలుస్తుంది, ఆగిపోతుంది. ఎరుపు కాంతిని పసిగట్టే ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఈ పని చేస్తుంది.

వాన పడి వెంటనే ఆగిపోతే? నాని, మళ్ళీ ఎండిపోయినా కొన్ని కాక్టస్ గింజలు చావవు. అంతేకాదు, మళ్ళీ తడి తగిలినప్పుడు కొత్త గింజల కంటే త్వరగా మొలుస్తాయి. మెక్సికోలో 1990లలో జోసెఫ్ దుబ్రోవ్‌స్కీ సొనోరా ఎడారి కాక్టస్‌ల మీద దీన్ని చూపించారు. మొదటి తడిలో జరిగిన పనిని గింజ పోగొట్టుకోదు కాబట్టి దీన్ని 'తడి జ్ఞాపకం' అన్నారు.

మొలిచాకే అసలు కష్టం. ఏడాది తిరిగేసరికి సాగువారో మొలక అర సెంటీమీటరు దాటి కొంచెమే ఉంటుంది, ఎనిమిదేళ్ళకు అంగుళం, అంగుళంన్నర. పాలోవెర్డె, మెస్కీట్ లాంటి చెట్ల నీడలో పడ్డదే ఎండకు, చలికి, ఎలుకలకు తట్టుకుని మిగులుతుంది. కొమ్మ వేయడానికి 50 ఏళ్ళు పైనే.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొన్న కాక్టస్ గింజలు మొలిచాయి గానీ వారంలో తెల్లటి బూజు పట్టి అన్నీ పడిపోయాయి.
– హైదరాబాద్

అది నారుకుళ్ళు. మూసిన డబ్బాలో తేమ ఉండాలి, కానీ మట్టిలో శిలీంధ్రం ఉండకూడదు. రెండు పాళ్ళు కడిగిన ముతక ఇసుక, ఒక పాలు కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) కలపండి. పశువుల ఎరువు, వర్మీకంపోస్టు వేయకండి. కలిపిన మట్టిని తడిపి, స్టీలు గిన్నెలో మూతపెట్టి, కుక్కర్‌లో మొదటి కూత తర్వాత సన్నమంట మీద 20 నిమిషాలు ఉంచండి. పూర్తిగా చల్లారాక కుండీలో నింపి, కాచి చల్లార్చిన నీళ్ళలో కుండీని అడుగునుంచి తడవనివ్వండి. గింజలను అరచేతిలో పల్చగా పరచి పైన చల్లండి. మట్టి కప్పకండి. జిప్ కవరులో పెట్టి మూసేయండి.

కవరును నేరుగా ఎండలో పెడితే లోపల ఉడికిపోతాయి. 50 శాతం షేడ్‌నెట్ కింద, లేదా ఎల్‌ఈడీ ట్యూబుకు జానెడు దూరంలో రోజుకు 12 గంటలు పెట్టండి. పగలు 30, రాత్రి 20 డిగ్రీలు బాగా నప్పుతాయి. హైదరాబాద్‌లో జూలై నుంచి అక్టోబరు వరకు సరైన కాలం, ఏప్రిల్, మే వద్దు. చాలా రకాలు 4 నుంచి 14 రోజుల్లో మొలుస్తాయి. బూజు కనబడిన వెంటనే ఆ చుట్టుపక్కల మట్టితో సహా చెంచాతో తీసేసి, లీటరు నీటికి 2 గ్రాముల కాప్టాన్ అనే శిలీంధ్రనాశిని కలిపి పిచికారీ చేయండి. మొలకలు ఎర్రబడితే వెలుతురు ఎక్కువైంది, సన్నగా సాగి పాలిపోతే తక్కువైంది. 4–6 వారాల తర్వాత కవరు మూతి రోజూ కొంచెం కొంచెం తెరుస్తూ పది రోజుల్లో పూర్తిగా తీసేయండి. ఒక్కసారిగా తీస్తే వాడిపోతాయి.

ఖరీదైన గింజల మీద చేయి తిరగకముందు బజారులో ఒక డ్రాగన్ ఫ్రూట్ కొనండి. అదీ కాక్టస్సే. నల్లగింజలను పల్చటి గుడ్డలో పిసికి, గుజ్జు మిగలకుండా కడగండి, గుజ్జులోని చక్కెరే బూజుకు మేత. తాజా గింజలు వారంలోపే మొలుస్తాయి. పండ్ల కోసమైతే మాత్రం గింజ మొక్క పెంచకండి, కాపుకు ఏళ్ళు పడుతుంది, తల్లి రకమూ రాదు. రైతులు కాండం ముక్కలు నాటేది అందుకే.